బ్యాటరీ చావదు... చంపుతున్నాం!

కరెంటు పోయినప్పుడు తప్ప గుర్తురాని వస్తువది. మెట్ల కింద ఓ మూలన, దుమ్ము కప్పుకుని, పాత చెప్పుల పక్కన పడి ఉంటుంది. ఐదారేళ్లు పనిచేయాల్సింది రెండేళ్లకే చేతులెత్తేస్తే కంపెనీని తిట్టుకుంటాం. తప్పు చాలాసార్లు కంపెనీది కాదు!

మే నెల. రాత్రి తొమ్మిదిన్నర. ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుని క్రికెట్ మ్యాచ్ చూస్తున్నారు. ఆఖరి ఓవర్... ఆరు బంతుల్లో పదకొండు పరుగులు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ‘ఇన్వర్టర్ ఉందిగా’ అని ఎవరూ కదల్లేదు. టక్‌మని ఫ్యాను మళ్లీ తిరిగింది, టీవీ వెలిగింది. మూడో బంతి పడేలోపు ‘పీ... పీ... పీ...’ అంటూ మూలనుంచి ఓ అరుపు. అంతే, మళ్లీ చీకటి.

‘మొన్ననేగా కొన్నాం!’ అంటుంది ఇల్లాలు.

‘మొన్నేంటి, రెండేళ్లయింది’ అంటాడాయన, సెల్‌ఫోన్ వెలుతురులో వారంటీ కార్డు వెతుకుతూ.

తెలుగునాట ఈ సన్నివేశం జరగని వీధి ఉండదేమో. 150 ఆంపియర్ అవర్ ట్యూబులర్ బ్యాటరీ ఇవాళ పన్నెండు వేల పైమాటే. మధ్యతరగతి ఇంట్లో అదేం చిన్న ఖర్చు కాదు. సరిగా చూసుకుంటే ఐదారేళ్లు నడిచేదాన్ని రెండేళ్లకోసారి మారుస్తూ పోతే, పదేళ్లలో రెండు కొనాల్సిన చోట ఐదు కొన్నట్టు. మూడు బ్యాటరీల డబ్బు, అంటే దాదాపు నలభై వేలు, మెట్ల కింద కరిగిపోతోందన్నమాట. అందులో ఎక్కువ భాగం ఓ డబ్బా డిస్టిల్డ్ వాటర్‌తో, కాస్త శ్రద్ధతో మిగుల్చుకోగలిగిందే.

సీసం, ఆమ్లం, నీళ్లు... అంతే!

ఈ బ్యాటరీ వయసు నూట అరవై ఏళ్లు దాటింది. 1859లో ఫ్రాన్సుకు చెందిన గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకుల్ని చుట్టగా చుట్టి, సజల గంధకామ్లంలో ముంచి మొదటి బ్యాటరీని తయారుచేశాడు. ఒకసారి ఖాళీ అయ్యాక మళ్లీ నింపుకోగలగడమే దాని గొప్ప. 1881లో కెమిల్ ఫార్ అనే మరో ఫ్రెంచివాడు రేకుల మీద సీసపు ముద్ద పట్టించి దాని శక్తి పెంచాడు. ఆ తర్వాత ఎన్ని మెరుగులు దిద్దినా మూల సూత్రం మారలేదు. తిరుపతి దగ్గర కరకంబాడిలో అమరరాజా తయారుచేసే బ్యాటరీ లోపలా జరిగేది అదే తంతు.

మనకూ దీనితో పాత చుట్టరికమే. పెళ్లి ఊరేగింపుల్లో మైకు సెట్లు నడిచింది దీనిమీదే. 1987లో దూరదర్శన్‌లో ‘రామాయణం’ మొదలయ్యాక, కరెంటు లేని ఊళ్లలో, ఉన్నా నమ్మకం లేని ఊళ్లలో, ట్రాక్టర్ బ్యాటరీకి టీవీ తగిలించి ఊరంతా చుట్టూ చేరి చూసిన రోజులు నలభై దాటిన వాళ్లకు గుర్తే. సైకిల్ క్యారియర్‌కు బ్యాటరీ కట్టుకుని టౌనుకు పోయి, ఛార్జింగ్ షాపులో వదిలి, మర్నాడు తెచ్చుకునేవారు. 2012లో ఉమ్మడి రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడేలు ప్రకటించిన రోజుల్లో ఇన్వర్టర్ లేని ఇల్లు ఇల్లే కాదన్నట్టుండేది.

ఇంతకీ లోపల ఏం జరుగుతుంది? 12 వోల్టుల బ్యాటరీ అంటే ఆరు గదుల ఇల్లు. ఒక్కో గది ఒక్కో సెల్, సుమారు రెండేసి వోల్టులు. ప్రతి గదిలోనూ సీసపు ప్లేట్లు, గంధకామ్లం కలిసిన నీళ్లు. మనం కరెంటు వాడుకుంటున్న కొద్దీ ఆమ్లంలోని గంధకపు భాగం ప్లేట్లకు పట్టుకుని లెడ్ సల్ఫేట్‌గా మారుతుంది. ఆమ్లం పలచబడుతుంది. ఛార్జింగ్ పెట్టినప్పుడు ఆ సల్ఫేట్ కరిగి మళ్లీ ఆమ్లంలోకి వచ్చేస్తుంది. ప్లేట్లు శుభ్రం, ఆమ్లం చిక్కన.

అదంతా సవ్యంగా జరిగితే! బ్యాటరీ ఖాళీ అయ్యాక వెంటనే ఛార్జి చేయకుండా వదిలేస్తే ప్లేట్ల మీది మెత్తటి సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా మారిపోతుంది. పప్పు గిన్నె వెంటనే కడిగితే నీళ్లతోనే పోతుంది. రాత్రంతా వదిలేస్తే పొద్దున పీచు పెట్టి రుద్దినా వదలదు. ఇదీ అంతే. మెకానిక్కులు ‘సల్ఫేషన్’ అనే జబ్బు ఇదే. గట్టిపడినంత మేర ప్లేటు ఇక పనికిరాదు. 150 ఆంపియర్ అవర్ అని డబ్బా మీద రాసి ఉంటుంది, లోపల ఎనభయ్యే మిగిలుంటాయి. ఈ రకం బ్యాటరీలు అర్ధాయుష్షుతో పోవడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి.

అంటే, బ్యాటరీ వాడటంవల్ల చెడేదానికన్నా సగం ఆకలితో వదిలేయడంవల్ల చెడేదే ఎక్కువ.

బిందె నిండినట్టు...

‘రాత్రి కరెంటు వచ్చింది కదా, ఛార్జయిపోయి ఉంటుంది’ అనుకుంటాం. అక్కడే వస్తుంది తేడా.

కుళాయి కింద బిందె పెట్టినప్పుడు ఏం చేస్తాం? ముందు కుళాయి పూర్తిగా తిప్పుతాం. నీళ్లు మెడ దగ్గరకు రాగానే సన్నధార చేస్తాం, లేకపోతే పొర్లిపోతాయి. మంచి ఛార్జర్ చేసేదీ ఇదే. మొదట బ్యాటరీ సామర్థ్యంలో సుమారు పదో వంతు కరెంటు ఇస్తుంది. 150 ఆంపియర్ అవర్ బ్యాటరీకైతే 15 ఆంపియర్లు. వోల్టేజీ 14.4 దగ్గరకు వచ్చాక దాన్ని అక్కడే పట్టి ఉంచి, కరెంటును మెల్లమెల్లగా తగ్గిస్తుంది. పూర్తిగా నిండాక 13.5 - 13.8 వోల్టుల దగ్గర సన్నధారగా కాపాడుతూ ఉంటుంది.

మొదటి ఎనభై శాతం నిండటానికి ఎంతసేపు పడుతుందో, ఆఖరి ఇరవై శాతానికీ ఇంచుమించు అంతసేపు పడుతుంది. అడుగంటిన బ్యాటరీ పూర్తిగా నిండాలంటే పది, పన్నెండు గంటల పైనే కావాలి. నాలుగు గంటలు ఛార్జింగ్, మళ్లీ కోత, మళ్లీ నాలుగు గంటలు... ఇలా నడిస్తే ఆ ఆఖరి ఇరవై శాతం ఎప్పటికీ నిండదు. ఆ మేర ప్లేట్లు నెమ్మదిగా గడ్డకడుతూనే ఉంటాయి. పైగా బరువైన ఆమ్లం గది అడుగుకు దిగి, పలచటి నీళ్లు పైకి తేలతాయి. పూర్తి ఛార్జింగ్ చివర్లో వచ్చే బుడగలే ఆ రెండింటినీ మళ్లీ కలిపేది. చివర్లో కాసేపు బుడబుడమన్న చప్పుడు వినిపిస్తే కంగారు అక్కర్లేదు. గంటల తరబడి అలాగే మరుగుతూ, చేయి పెడితే కాలుతుంటే మాత్రం ఛార్జర్ ఎక్కువ పోస్తున్నట్టు. కుళ్లిన గుడ్ల వాసన వచ్చిందంటే ఇంకేం ఆలోచించక్కర్లేదు... ఛార్జింగ్ ఆపి, కిటికీలు తెరిచి, మెకానిక్కుకు ఫోన్ చేయడమే.

కరెంటు కోతలు తగ్గిన ఇళ్లలో కథ ఇంకో రకం. నెలల తరబడి బ్యాటరీకి పనే ఉండదు. ఊరికే సన్నధార తాగుతూ పడి ఉంటుంది. లోపల నీళ్లు మాత్రం కొద్దికొద్దిగా ఆవిరవుతూనే ఉంటాయి. అసలు అవసరం వచ్చిన రోజున పది నిమిషాలకే కూలబడుతుంది. అందుకే అలాంటి ఇళ్లలో నెలకోసారి ఇన్వర్టర్ ప్లగ్గు తీసి, ఓ గంట, రెండు గంటలు బ్యాటరీ మీద ఫ్యాన్లు నడిపి, తిరిగి పూర్తిగా ఛార్జి చేయమంటారు మెకానిక్కులు. బ్యాటరీలో ఎంత దమ్ముందో ముందే తెలిసిపోతుంది కూడా.

ఎంతవరకు వాడొచ్చన్నదీ ముఖ్యమే. పాతరకం సీలింగ్ ఫ్యాన్లు రెండు, నాలుగు ఎల్ఈడీ బల్బులు, ఓ టీవీ... కలిపి సుమారు 250 వాట్లు. ఇన్వర్టర్ తన వంతుగా తినేదీ కలిపితే 300 వాట్లు, అంటే బ్యాటరీ నుంచి 25 ఆంపియర్లు లాగుతున్నట్టు. 150 ఆంపియర్ అవర్ కొత్త బ్యాటరీ నాలుగు గంటలు దాటి ఇస్తుంది. కానీ రోజూ అడుగంటేదాకా పిండితే త్వరగా పోతుంది. సగం దగ్గర ఆపగలిగితే చాలా ఎక్కువసార్లు పనికొస్తుంది. బీఎల్‌డీసీ ఫ్యాను ముప్ఫై వాట్లతోనే తిరుగుతోంది కాబట్టి, కొత్త బ్యాటరీకి ముందు కొత్త ఫ్యాను కొనడమే లాభం కావచ్చు! ఇన్వర్టర్ మీద మిక్సీ, ఇస్త్రీపెట్టె పెట్టే ఇళ్ల గురించి ఏం చెప్పాలి?

‘నీళ్లు పోశారా?’

ఏ బ్యాటరీ షాపులోనైనా కాసేపు నిలబడితే చాలు, ఈ సంభాషణ వినపడుతుంది.

‘నీళ్లు చూసుకుంటున్నారామ్మా?’

‘చూడకేం బాబూ... నిండుగా పోస్తున్నాం.’

‘ఏ నీళ్లు?’

‘మంచి నీళ్లే. ఫిల్టర్‌వి.’

షాపతను ఓ నవ్వు నవ్వి పాత బ్యాటరీని పక్కకు లాగుతాడు.

ఛార్జింగ్‌లో నీళ్లు ఉదజని, ప్రాణవాయువులుగా విడిపోయి ఎగిరిపోతాయి. ఆమ్లం పోదు, పోయేది నీళ్లే. కాబట్టి తిరిగి పోయాల్సిందీ నీళ్లే, అదీ డిస్టిల్డ్ వాటరే. తాగడానికి ఎంత మంచివైనా ఆర్వో నీళ్లలో, సీసా నీళ్లలో లవణాలు ఉంటాయి. క్లోరైడు ప్లేట్లను తినేస్తుంది. ఇనుము ఉంటే బ్యాటరీ వాడకపోయినా తనంతట తనే ఖాళీ అవుతుంది. ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పోసే పొదుపరులూ ఉన్నారు. అవి ఆవిరి చల్లబడ్డ నీళ్లే, నిజమే. కానీ కాయిల్ మీది దుమ్మునూ లోహాన్నీ కడుక్కుని వస్తాయి. రెండు వందల రూపాయలు కూడా లేని డబ్బా కోసం పన్నెండు వేలు పణంగా పెట్టడం ఏం పొదుపు?

ఎప్పుడు పోయాలన్నదీ లెక్కే. బ్యాటరీ పూర్తిగా ఛార్జయ్యాకే పోయాలి. ఖాళీగా ఉన్నప్పుడు నిండా పోస్తే, ఛార్జవుతున్నప్పుడు ద్రవం ఉబ్బి మూతల్లోంచి పొర్లుతుంది. అలా పొర్లేది నీళ్లు కాదు, ఆమ్లం. ఆ పోయిన ఆమ్లం ఇక రాదు. బ్యాటరీ శాశ్వతంగా కొంత నీరసపడిపోతుంది. పైన తడి చేరి టెర్మినళ్లు చిలుం పడతాయి. అయితే ప్లేట్లు పైకి తేలి కనపడుతుంటే మాత్రం ఛార్జింగ్‌కు ముందే అవి మునిగేంత వరకు పోయాలి, మిగతాది ఛార్జయ్యాక. గాలి తగిలిన ప్లేటు చెడిపోయినట్టే. ట్యూబులర్ బ్యాటరీల మీద ఉండే చిన్న తేలుడు పుల్లలు చూసుకుంటే ఈ గొడవే లేదు. పై గుర్తుకూ కింది గుర్తుకూ మధ్య ఉంటే చాలు. ఎండాకాలంలో నెలకోసారి, మిగతా రోజుల్లో రెండు నెలలకోసారి ఓ చూపు వేస్తే సరిపోతుంది.

‘పవర్ తగ్గింది, కొంచెం యాసిడ్ పోయండి’ అని అడిగేవాళ్లున్నారు. పోసేవాళ్లూ ఉన్నారు. నాలుగు రోజులు బాగా పనిచేసినట్టు కనిపిస్తుంది. ఆ తర్వాత ప్లేట్లు కొరుక్కుపోతాయి. గ్రావిటీ తగ్గడానికి కారణం ఆమ్లం లేకపోవడం కాదు... అది సల్ఫేట్‌గా ప్లేట్లకు పట్టుకుని ఉండటం. మందు దీర్ఘమైన ఛార్జింగే.

హైడ్రోమీటర్ అనే గాజు గొట్టంతో ఈ గ్రావిటీ చూస్తారు. ఇన్వర్టర్ బ్యాటరీ పూర్తిగా నిండితే సుమారు 1240, కారు బ్యాటరీకైతే 1265 నుంచి 1280 వరకు చూపించాలి. ఐదు గదులు 1240 చూపిస్తుంటే ఒక్కటి 1150 దగ్గరే ఉండిపోయిందంటే రోగం ఆ గదిలో ఉన్నట్టు. అదంతా మనవల్ల కాదనుకుంటే ఓ మల్టీమీటర్ చాలు. ఛార్జింగ్ ఆపి, లోడు తీసేసి, మూడు నాలుగు గంటలు వదిలేసి చూడాలి. 12.5 నుంచి 12.7 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 దగ్గరకొస్తే సగం ఖాళీ. 12 కంటే దిగితే ఆరోజే ఛార్జింగ్ పెట్టాలి. ఛార్జింగ్ ఆపగానే చూస్తే మాత్రం మీటరు గొప్పలు చెబుతుంది, నమ్మొద్దు.

మెట్ల కింద ఉక్కపోత

రెంటచింతల, రామగుండం ఎండల్లో మనుషులే అల్లాడతారు. ఉష్ణోగ్రత ప్రతి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుందన్నది ఇంజినీర్లు వాడే మోటు లెక్క. పాతిక డిగ్రీల గదిలో ఐదేళ్లుండేది ముప్ఫై అయిదు డిగ్రీల గదిలో రెండున్నరేళ్లే అన్నమాట. అలాంటిది మనం ఏం చేస్తాం? అందం చెడుతుందని చెక్క కప్‌బోర్డు చేయించి, అందులో పెట్టి, తలుపు మూస్తాం!

అది వేడి సమస్యే కాదు. ఛార్జింగ్‌లో వచ్చే ఉదజని వాయువు గాలిలో నాలుగు శాతం చేరితే చాలు, నిప్పురవ్వకు పేలుతుంది. కొన్ని ఇళ్లలో ఇన్వర్టర్ మీదే దేవుడి పటం, పక్కనే అగరుబత్తి ఉంటాయి. ఆయుధపూజనాడు బ్యాటరీకీ బొట్టు పెట్టడంలో తప్పులేదు. హారతి మాత్రం దూరం నుంచే ఇస్తే మేలు. గాలాడే చోట, ఎండ పడకుండా, పిల్లలకు అందకుండా ఉంచాలి. మూతలు తీసేటప్పుడు కళ్లద్దాలుండాలి. చుక్క కంట్లో పడితే పావుగంట పాటు నీళ్లతో కడుగుతూనే ఉండి ఆసుపత్రికి పరుగెత్తాలి. నూలు చీర మీద పడిన చుక్క అప్పుడు కనపడదు, ఉతికాక చిల్లులు కనిపిస్తాయి.

టెర్మినళ్ల మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటే బేకింగ్ సోడా కలిపిన నీళ్లతో కడిగి, తుడిచి, బిగించి, పైన పలచగా వ్యాజిలిన్ రాయాలి. కడిగేటప్పుడు మూతలన్నీ గట్టిగా ఉండాలి, సోడా లోపలికి పోకూడదు. వైరు విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. స్పానర్ జారి రెండింటికీ తగిలితే ఏమవుతుందో ఒకసారి చూసినవాళ్లు ఈ వరస మరచిపోరు.

కదలని కారు కథ

2020 లాక్‌డౌన్‌లో కార్ల బ్యాటరీలు వరసబెట్టి పడుకున్నాయి. కారు ఆపేసినా గడియారం, అలారం వంటివి కొంత కరెంటు లాగుతూనే ఉంటాయి. ముప్ఫై మిల్లీ ఆంపియర్లే అనుకోండి... నెలకు 21 ఆంపియర్ అవర్లు! చిన్న కారు బ్యాటరీ సామర్థ్యమే 35. నెలన్నరలో అడుగంటక ఏం చేస్తుంది? చాలామంది వారానికోసారి స్టార్ట్ చేసి రెండు నిమిషాలకే ఆపేశారు. స్టార్ట్ చేయడానికి వాడిన కరెంటు వెనక్కి వచ్చేలోపే ఆపేస్తే ఫలితమేంటి? అరగంట నడపాలి. ఊరెళ్తుంటే మైనస్ వైరు విప్పేసి వెళ్లడం ఇంకా మంచిది.

కారు బ్యాటరీని ఇన్వర్టర్‌కు తగిలించే తెలివి కూడా కొందరిది. కారు బ్యాటరీ వంద మీటర్ల పరుగు వీరుడు. పలచటి ప్లేట్లతో మూడు సెకన్లపాటు వందల ఆంపియర్లు ఇచ్చి తప్పుకుంటుంది. ఇన్వర్టర్‌కు కావల్సింది రోజంతా మూటలు మోసే కూలీ. ట్యూబులర్‌లో ముద్దను గొట్టాల్లాంటి అల్లిక సంచుల్లో బిగించి ఉంచుతారు కాబట్టి రాలిపోదు. వీరుడి చేత మూటలు మోయిస్తే కొన్ని నెలల్లోనే మంచాన పడతాడు. రెండు, నాలుగు బ్యాటరీలు వరసగా కలిపే ఇళ్లలో, ఈ-రిక్షాల్లో ఒక్కటే పాడైందని ఆ ఒక్కదాన్నే మార్చడమూ ఇలాంటిదే. పాతదాని నీరసం కొత్తదానికీ అంటుకుంటుంది.

కంప్యూటర్ యూపీఎస్‌లో ఉండే సీల్డ్ రకానికి నీళ్లు పోసే పనిలేదు, మూత విప్పకూడదు కూడా. ఎక్కువ వోల్టేజీ, వేడి రెండూ లేకుండా చూడటమే దానికి చేయగలిగిన సేవ. ఈమధ్య లిథియం బ్యాటరీల ఇన్వర్టర్లూ వస్తున్నాయి. ధర ఎక్కువ, పైగా పాత ఇన్వర్టర్‌కు నేరుగా తగిలించకూడదు. దాని ఛార్జింగ్ లెక్కలు వేరు.

పోయాక ఎక్కడికి?

ఎంత చూసుకున్నా ఏదో ఒకరోజు పోతుంది. బ్యాటరీ బరువులో సగం పైన సీసమే. అందుకే పాతదానికీ ధర పలుకుతుంది. వీధిలో తిరిగే పాత సామాన్లవాడు షాపుకన్నా రెండొందలు ఎక్కువిస్తాడు. అతని దగ్గరనుంచి అది ఎక్కడో ఊరి చివర పెరట్లోకి చేరుతుంది. గొడ్డలితో పగలగొట్టి, ఆమ్లం నేలమీద పారబోసి, కట్టెల పొయ్యి మీద సీసం కరిగిస్తారు. ఆ పొగ పీల్చేది అక్కడ ఆడుకునే పిల్లలు. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో సీసం ఆందోళన కలిగించే స్థాయిలో ఉందని 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు కలిసి ఇచ్చిన నివేదిక చెప్పింది. పద్ధతి లేకుండా బ్యాటరీలు కరిగించడం అందుకు పెద్ద కారణాల్లో ఒకటనీ అంది. సీసం ముందు దెబ్బతీసేది ఎదిగే మెదడునే.

మనదేశంలో పాత బ్యాటరీలకు 2001లోనే నియమాలు వచ్చాయి. వాటి స్థానంలో 2022లో కొత్తవి పెట్టారు. తాము అమ్మిన మేరకు పాతవాటిని వెనక్కి తీసుకుని శుద్ధిచేయించే బాధ్యత కంపెనీలదే. కాబట్టి కొత్తది కొనేటప్పుడే పాతదాన్ని షాపులో ఇచ్చి, బిల్లులో తగ్గించమని అడగాలి. బరువు తగ్గుతుందని ఆమ్లం కాలవలో పారబోసి తీసుకెళ్లకూడదు, ఉన్నది ఉన్నట్టే ఇచ్చేయాలి. కొత్తది ఇంటికొచ్చాక మార్కర్‌తో దాని మీద తేదీ రాసి, మొదటిసారి రాత్రంతా ఛార్జి పెట్టి, ఆ పక్కనే ఓ డిస్టిల్డ్ వాటర్ డబ్బా ఉంచండి. చెప్పులు మాత్రం ఇంకోచోటికి మార్చండి, మూతలు విప్పడానికి అడ్డమొస్తాయి.